బీపీటీలో ఎండాకు తెగులు: బాక్టీరియా జీనోమ్ చదివితే మన మడికి ఒరిగేదేంటి?

డెల్టా_కుర్రాడు
అక్టోబరు 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కృష్ణా పశ్చిమ డెల్టా. నాన్న నాలుగున్నర ఎకరాల్లో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వరి, వేశారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, పండక్కి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను, లాప్‌టాప్ అరుగు మీద పెట్టుకుని పని చేస్తున్నాను.

మూడు వారాల కిందటి గాలివానకి చేను ఒక పక్కకి ఒరిగి మళ్లీ లేచింది. ఆ తర్వాత వారానికి ఆకు కొసల నుంచి అంచు వెంట పసుపు చారలు దిగాయి. చార అంచు తిన్నగా లేదు, అలలు అలలుగా ఉంది. ఇప్పుడు ఎండుగడ్డి రంగుకి తిరిగింది. గట్టు మీద నుంచి చూస్తే చేను పైన ఎవరో మంట చూపించినట్టుంది. పైరు పొట్ట మీద ఉంది, అదీ టెన్షన్.

మందుల షాపాయన ఆకు చూడకుండానే "అగ్గి తెగులు" అని ఒక పొడి, ఒక డబ్బా ఇచ్చాడు. 4,200 అయింది. కొట్టి తొమ్మిది రోజులు, ఏ మార్పూ లేదు.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఇది ఏం తెగులు? రెండు, మొక్కల తెగుళ్ల బాక్టీరియా జీనోమ్‌లు (డీఎన్‌ఏలోని అక్షరాల వరస మొత్తం) చదివేస్తున్నారని పదేళ్లుగా పేపర్లో చూస్తున్నాను. అది మా నాన్న దాకా ఎప్పుడైనా వస్తుందా, లేక సైంటిస్టుల మధ్యే తిరుగుతుందా?


ఏఈఓ_ఖమ్మం
అక్టోబరు 14, రాత్రి 10:05

తమ్ముడూ, మీరు చెప్పిన దాన్నిబట్టి అగ్గి తెగులు కాదు. అగ్గి తెగులు మచ్చ నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో ఆకు నడిమిన వస్తుంది. కొస నుంచి అంచు పట్టుకుని అలలా దిగేది బాక్టీరియా ఎండాకు తెగులు. కానీ పొటాష్ లోపం కూడా కొస నుంచి అంచు వెంటే ఎండిస్తుంది, అందుకని నోటిమాట మీద చెప్పను.

రేపు తెల్లారి ఇలా చెయ్యండి. సగం పచ్చ, సగం పసుపు ఉన్న ఆకు తీసుకోండి, పూర్తిగా ఎండింది వద్దు. పచ్చకీ పసుపుకీ మధ్య గీత దగ్గర కత్తెరతో కోసి, కోసిన కొస మునిగేలా గాజు గ్లాసులో మంచినీళ్లలో నిలబెట్టండి. గ్లాసు కదపొద్దు. వెనకాల నల్ల గుడ్డ పెట్టి చూడండి. పది నిమిషాల్లో తెలిసిపోతుంది.


మొలగొలుకులు
అక్టోబరు 14, రాత్రి 10:31

అబ్బాయ్, నారు నాటేటప్పుడు కొసలు తుంచారా? మీ వైపు ముదురు నారుకి తుంచుతారు. ఆ తుంచిన చోటే ఈ రోగానికి గుమ్మం. మా నెల్లూరులో నేను 20 ఏళ్ల కిందటే మానేశాను.


డెల్టా_కుర్రాడు
అక్టోబరు 15, ఉదయం 6:52

బాబాయ్, తుంచారు. నారు 40 రోజులు దాటిపోయింది, కాలువ నీళ్లు ఆలస్యం.

ఏఈఓ అన్నా, చూశాను! గ్లాసులో పెట్టి మూడు నిమిషాలు ఏమీ లేదు. నాలుగో నిమిషంలో కోసిన కొస నుంచి సన్నటి పాల దారం లాంటిది కిందకి జారడం మొదలైంది. అగరుబత్తి పొగని తలకిందులు చేసినట్టు. అడుగుకి చేరి నీళ్లు తెల్లబడ్డాయి. పక్క గ్లాసులో పచ్చి ఆకు పెట్టాను, దాంట్లో ఏమీ రాలేదు. పొద్దున్నే కోసిన ఆకుల మీద ఆవగింజంత పసుపు జిగురు చుక్కలు కూడా ఉన్నాయి, గోటితో గీకితే ఇసుకలా రాలాయి.

అమ్మ "తాగే గ్లాసులో రోగం పోశావా" అని తిట్టింది.


ఏఈఓ_ఖమ్మం
అక్టోబరు 15, ఉదయం 7:20

ఇక అనుమానం లేదు. ఆ పాల దారంలో ఉన్నదంతా బాక్టీరియానే. పేరు జాంథోమోనాస్ ఒరైజే. అమ్మగారికి చెప్పండి, ఇది మనుషులకి రాదు, గ్లాసు కడిగేస్తే చాలు.

చెయ్యాల్సింది: మిగిలిన యూరియా ఆపెయ్యండి. మడిలో నీళ్లు తీసి ఆరబెట్టి, మళ్లీ పలచగా పెట్టండి. తెగులు ఉన్న మడి నీళ్లు పక్క మడిలోకి దిగకుండా గండి కట్టండి. పొటాష్ వెయ్యకపోతే వెయ్యండి. మీరు కొట్టింది శిలీంద్రాల మందు, దానికి ఈ బాక్టీరియా చావదు. యాంటీబయాటిక్ పొడి కొట్టమని ఎవరైనా అంటే ఒకసారి ఆలోచించండి. పంటల మీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ నిషేధించడానికి కేంద్రం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఇచ్చింది. అవి మనుషులకి వాడే మందులు. పైగా ఆకు గొట్టాల లోపల కూర్చున్న దానికి పైన చల్లిన మందు అందేది అంతంతే.


చేదునిజం
అక్టోబరు 15, ఉదయం 9:14

మొదటి ప్రశ్నకి గాజు గ్లాసు జవాబు చెప్పింది, ఖర్చు సున్నా. ఇక రెండో ప్రశ్న చూద్దాం. ఈ బాక్టీరియా జీనోమ్ 2005లో చదివారు. 20 ఏళ్లు అయింది. ఈ పిల్లాడి చేను ఇవాళ కూడా ఎండుతోంది. ఎకరానికి ఎన్ని బస్తాలు పెరిగాయి ఆ చదువుతో? ఎవరైనా చెప్తారా?


పైరగాలి
అక్టోబరు 15, మధ్యాహ్నం 1:48

చేదునిజం గారూ, ప్రశ్న న్యాయమైనదే. నేను ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేశాను, కొంతకాలం రాజేంద్రనగర్ వైపు, ఇప్పుడు దేశం బయట. లంచ్ పక్కన పెట్టి రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

2005లో కొరియా వాళ్లు ఒక స్ట్రెయిన్ (ఒకే బాక్టీరియాలో ఒక రకం), జపాన్ వాళ్లు ఒక స్ట్రెయిన్ చదివారు. ఒక్కోటి సుమారు 49 లక్షల అక్షరాలు. 2008లో ఫిలిప్పీన్స్ స్ట్రెయిన్ వచ్చింది, దాంట్లో 52 లక్షలు. (పోలికకి: వరి జీనోమ్ దాదాపు 39 కోట్లు.) మూడూ ఒకే జాతి. అయినా పక్కపక్కన పెడితే ముక్కలు తిరగబడి, చోటు మారి ఉన్నాయి. ఒక మడిలో ఓడిపోయిన బాక్టీరియా ఇంకో మడిలో ఎలా గెలుస్తుందో అప్పుడే కొంచెం అర్థమైంది.

అసలు సంగతి టాల్ ప్రొటీన్లు. ఈ బాక్టీరియా సూది లాంటి గొట్టంతో వరి కణంలోకి కొన్ని ప్రొటీన్లు ఎక్కిస్తుంది. అవి నేరుగా కణ కేంద్రకంలోకి పోయి, వరి డీఎన్‌ఏ మీద ఫలానా చోట కూర్చుని, ఫలానా జన్యువుని ఆన్ చేస్తాయి. ఇంట్లోకి దూరిన దొంగ వంటవాడికి తనే ఆర్డర్ వేసినట్టు. ఆ ఆర్డర్ ఏమిటో 2010లో తేలింది: చక్కెర. స్వీట్ అనే జన్యువులు ఆన్ అయితే కణంలోని చక్కెర బయటికి వస్తుంది, బాక్టీరియా తింటుంది. మీ చేలో ఎండిన ఆకు వెనక ఉన్న కథ అదే.

ఇంకా గొప్ప విషయం 2009లో బయటపడింది. ఈ టాల్ ప్రొటీన్ నడుమ 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. అన్నీ దాదాపు ఒకటే, 12, 13 స్థానాల్లో ఉండే జంట మాత్రం మారుతుంది. ఆ జంట ఏమిటో చూస్తే ఆ ముక్క డీఎన్‌ఏలో ఏ అక్షరం మీద కూర్చుంటుందో చెప్పొచ్చు. ముక్కల వరస చదివితే ఈ బాక్టీరియా వరిలో ఏ జన్యువు మీద కన్నేసిందో కాగితం మీదే తేలిపోతుంది. శత్రువు జేబులో చీటీ దొరికినట్టు. రెండు బృందాలు విడివిడిగా ఒకేసారి దీన్ని కనిపెట్టాయి.

బస్తాల లెక్క సాయంత్రం రాస్తాను.


కోడ్_కూలీ
అక్టోబరు 15, మధ్యాహ్నం 2:30

అక్కా, సాయంత్రం లోపు నా మాట ఒకటి. నేను బెంగళూరులో జీనోమ్ డేటా మీద పనిచేసే ప్రోగ్రామర్‌ని, మొక్కల గురించి పెద్దగా తెలియదు.

ఈ టాల్ జన్యువులు మా వాళ్లకి నరకం. చాలా ఏళ్లు చవకగా దొరికిన సీక్వెన్సింగ్ మిషన్లు డీఎన్‌ఏని 150 అక్షరాల ముక్కలుగా చదివేవి. ఆ ముక్కలని కలిపి కుట్టడం మా పని. టాల్ రిపీట్ ఒక్కోటి 102 అక్షరాలు. ఒకే జన్యువులో అలాంటివి ఇరవై, ఒకే బాక్టీరియాలో అలాంటి జన్యువులు పదిహేను ఇరవై. శతకం ఒకటి చింపి, ఒక్కో ముక్క మీద ఒకటిన్నర పాదం మాత్రమే మిగిలితే? ప్రతి పద్యానికీ మకుటం ఒకటే. మకుటం ఉన్న ముక్కలు వంద దొరుకుతాయి, ఏది ఏ పద్యానిదో బ్రహ్మకి కూడా తెలియదు. సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకే కుప్పగా నొక్కేసేది. జీనోమ్ "పూర్తయింది" అని రాసేవాళ్లు, అసలు ఆయుధాలున్న చోట మాత్రం చిల్లులు.

వేల అక్షరాలు ఒకే ఊపులో చదివే మిషన్లు వచ్చాక పరిస్థితి మారింది. కాబట్టి 2005 నుంచి 20 ఏళ్లు అని లెక్కేయడం కొంచెం అన్యాయం. పనికొచ్చే చదువు మొదలై పదేళ్లే.


చేదునిజం
అక్టోబరు 15, మధ్యాహ్నం 3:02

సరే, పదేళ్లే. బస్తాలు?


విత్తనాల_వెంకీ
అక్టోబరు 15, సాయంత్రం 4:15

బస్తాల సంగతి నేను చెప్తా. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని ఒక రకం ఉంది, 2008లో విడుదల. హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చారు. బీపీటీ గింజే, అదే సన్నం, అదే అన్నం, ఎండాకు తెగులు మాత్రం తట్టుకుంటుంది. మూడు జన్యువులు ఎక్కించారు. ఆ తెగులు వచ్చిన ఏడాది రెండు మడులూ పక్కపక్కన చూస్తే చెప్పక్కర్లేదు.

అయితే ఒక తిరకాసు. తెగులు రాని ఏడాది రైతుకి తేడా కనపడదు. అప్పుడు "మామూలు బీపీటీ చాల్లే" అంటాడు. నేను అమ్మలేక వెనక్కి పంపిన బస్తాలు కూడా ఉన్నాయి. బీమా పాలసీ కట్టి, ప్రమాదం జరగలేదని బాధపడ్డట్టు.


సేంద్రియ_శీను
అక్టోబరు 15, సాయంత్రం 4:40

జన్యువులు ఎక్కించారు అంటే జన్యుమార్పిడి విత్తనమే కదా! అదే చెప్పండి ముందు. మా భూమిలోకి రానివ్వం.


విత్తనాల_వెంకీ
అక్టోబరు 15, సాయంత్రం 4:47

నా మాట తప్పు. "ఎక్కించారు" అనకూడదు. పైరగాలి మేడమ్, కాపాడండి.


పైరగాలి
అక్టోబరు 15, రాత్రి 8:10

శీను గారూ, అది జన్యుమార్పిడి విత్తనం కాదు. మామూలు సంకరమే, పుప్పొడి తీసి పువ్వు మీద దులపడం. సాంబ మసూరిని తెగులు తట్టుకునే ఇంకో వరితో కలిపారు, వచ్చిన పిల్లని మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు, ఇలా నాలుగు తరాలు. ప్రతి తరంలో నారు దశలోనే ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్ష చేసి, మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఉంచుకున్నారు. గింజ గుణం సాంబదే మిగలాలి, తెగులు గుణం మాత్రం బయటినుంచి రావాలి. కంటితో చూసి ఏరితే ఇది అయ్యే పని కాదు. ఎందుకంటే ఒక జన్యువు ఇంకోదాన్ని కప్పేస్తుంది, ఒక్కటి ఉన్నా మొక్క పచ్చగానే ఉంటుంది.

ఆ మూడూ ఎక్కడివో చూడండి, సరదాగా ఉంటుంది. ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి. ఎక్స్‌ఏ5 బంగ్లాదేశ్ వైపు పాత రకం నుంచి. ఎక్స్‌ఏ13 మన దేశపు పాత రకం నుంచి.

మూడూ మూడు పద్ధతుల్లో పనిచేస్తాయి. ఎక్స్‌ఏ21 కాపలాదారు, బాక్టీరియా వాసన పట్టి కేక వేస్తుంది. ఎక్స్‌ఏ13 తాళం మార్చడం: టాల్ ప్రొటీన్ కూర్చునే చోట అక్షరాలు మారిపోయి ఉంటాయి, చక్కెర గది తలుపు తెరుచుకోదు. ఎక్స్‌ఏ5 ఇంకా చిత్రం. టాల్ ప్రొటీన్లు జన్యువుని ఆన్ చెయ్యడానికి వరిలోనే ఉన్న ఒక సహాయక ప్రొటీన్‌ని వాడుకుంటాయి. దాంట్లో 39వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే, వచ్చినవాడికి చెయ్యి అందించే మనిషి చెయ్యి లాగేసుకున్నట్టు.

చేదునిజం గారూ, సంకరం చేసినప్పుడు ఈ వివరాలన్నీ తెలియవు, నిజమే. జన్యువు క్రోమోజోమ్ మీద ఎక్కడుందో తెలిస్తే చాలు, పని అయింది. కానీ "ఈ రకం ఇంకెన్నాళ్లు నిలబడుతుంది" అనే ప్రశ్నకి మాత్రం బాక్టీరియా జీనోమ్ చదవకుండా జవాబు లేదు.


మొలగొలుకులు
అక్టోబరు 15, రాత్రి 8:55

అమ్మా, ఇంకో సంగతి. బీపీటీ తాతల్లో తైచుంగ్ నేటివ్ ఉంది కదా. 65, 66లో ఆ పొట్టి వరి మా ఊరొచ్చినప్పుడు మా నాన్న యూరియా గుమ్మరించి వేశాడట. ఆకులన్నీ ఎండిపోయి గడ్డివాము నిలబెట్టినట్టు అయిందని చెప్పేవాడు.


పైరగాలి
అక్టోబరు 15, రాత్రి 9:06

అవును బాబాయ్ గారూ, సాంబ మసూరి వంశంలో జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి మూడూ ఉన్నాయి. తైచుంగ్‌ని ఇప్పటికీ ఈ తెగులు పరీక్షల్లో "తప్పకుండా పడిపోయే రకం"గా పక్కన వేస్తారు, పోల్చి చూడటానికి. 1963లో బీహార్ షాహాబాద్ జిల్లాలో ఈ తెగులు విరుచుకుపడ్డాకే మన దేశంలో అందరూ దీన్ని పట్టించుకున్నారు. మీ నాన్నగారు చూసింది సరిగ్గా ఆ కాలమే.


గోధుమ_రొట్టె
అక్టోబరు 16, ఉదయం 8:20

వరి తప్ప ఇంకేం మాట్లాడరా మీరు :) 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌లో గోధుమ కంకులు తెల్లబడ్డాయి, సుమారు 15,000 హెక్టార్లు. ఆసియాలో అంతకుముందు ఎవరూ చూడని తెగులు. అక్కడి వాళ్లు ఆకులు, కంకులు సేకరించి డీఎన్‌ఏ చదివించి డేటా అందరికీ తెరిచి పెట్టేశారు. ఎవరికి తోచిన విశ్లేషణ వాళ్లు చేశారు. వారాల్లోనే తేలింది: 1985లో బ్రెజిల్‌లో మొదటిసారి కనపడిన దక్షిణ అమెరికా గోధుమ బ్లాస్ట్, అంటే గోధుమకొచ్చే అగ్గి తెగులు, అది. బంగ్లాదేశ్ వరిలో ఉన్న అగ్గి తెగులు గోధుమకి దూకింది కాదు. ఈ రెండో సంగతే ముఖ్యం. దూకి ఉంటే చుట్టూ ఉన్న వరి మడులన్నీ ప్రమాదం. దూకలేదు కాబట్టి సమస్య ఓడల్లో వచ్చే గింజది. తర్వాత జాంబియాలో వచ్చినదీ అదే వంశం, కానీ విడిగా చేరిందని 2023లో రాశారు.


నిర్వాహకులు
అక్టోబరు 16, ఉదయం 8:45

గోధుమ చర్చకి వేరే దారం తెరవండి. ఇది ఇక్కడ ఉంచుతున్నాం, పనికొచ్చే పోలిక కాబట్టి.


చేదునిజం
అక్టోబరు 16, ఉదయం 10:11

పైరగాలి గారూ, కాపలాదారు వాసన పడుతుంది అన్నారు. ఆ "వాసన" ఏమిటో కనిపెట్టామని సైన్స్ పత్రికలో వేసి, తర్వాత తప్పని వెనక్కి తీసుకున్నారు కదా? చదివాను. అలాంటి పునాది మీద మా నాలుగెకరాలు పెట్టమంటారా?


పైరగాలి
అక్టోబరు 16, మధ్యాహ్నం 12:40

మీరు బాగానే చదివారు. 2009లో అచ్చైన పేపర్, 2013లో ఉపసంహరించారు. ఎక్స్‌ఏ21 జన్యువుని 1995లో వేరుచేసిన పమేలా రోనాల్డ్ గారి ల్యాబే. కొత్తగా చేరినవాళ్లు అవే ప్రయోగాలు చేస్తే ఫలితం రాలేదు. వెతికితే ల్యాబులో కొన్ని బాక్టీరియా సీసాల మీద చీటీలు తారుమారయ్యాయని తేలింది. వాళ్లే బయటపెట్టి, వాళ్లే వెనక్కి తీసుకున్నారు. మళ్లీ మొదటినుంచి వెతికి 2015లో అసలుదాన్ని పట్టుకున్నారు, రాక్స్‌ఎక్స్ అనే చిన్న పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క).

నన్నడిగితే ఆ ల్యాబు మీద నమ్మకం పెరిగింది దానివల్లే. మడి సంగతికొస్తే, కాపలాదారు దేన్ని చూసి అరుస్తున్నాడో తప్పు చెప్పారు కానీ, అరుస్తున్న మాట నిజమే. ఆ జన్యువు ఉన్న వరి అప్పుడూ తట్టుకుంది, ఇప్పుడూ తట్టుకుంటోంది.

మీకు నిజంగా ఆందోళన కలిగించాల్సింది ఇంకోటి ఉంది, నేనే చెప్తాను. ఎక్స్‌ఏ5ని దాటేసే బాక్టీరియా మన దేశంలో ఉంది. థాయ్‌లాండ్‌లోనూ కనపడింది. రెండు చోట్ల నుంచీ ఒక్కో స్ట్రెయిన్ తీసుకుని జీనోమ్ మొత్తం చదివి 2020లో పక్కపక్కన పెట్టారు. దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకటే, టాల్ జన్యువులతో సహా. అంటే రెండు చోట్లా విడివిడిగా పుట్టినట్టు లేదు, ఎటో అటు ప్రయాణం చేసినట్టుంది. అది ఎక్స్‌ఏ5ని ఎలా దాటింది? స్వీట్ జన్యువుల్లో ఒకటైన స్వీట్ 11ని ఆన్ చేసే టాల్ ప్రొటీన్ దాని దగ్గర చాలా బలమైనది. చెయ్యి లాగేసుకున్నా, మిగిలిన బలంతోనే తలుపు తోసేస్తుంది.

ఇప్పుడు ఎక్స్‌ఏ13 ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. స్వీట్ 11 తాళాన్నే మారుస్తుంది. అందుకే ఒక్క ఎక్స్‌ఏ5 ఉన్న రకం ఆ స్ట్రెయిన్‌కి పడిపోవచ్చు, ఎక్స్‌ఏ13 తోడున్న రకానికి ఆ దారి మూసుకుపోతుంది. ఏ జన్యువు పక్కన ఏది ఉండాలో బాక్టీరియా జేబులోని చీటీ చదివితేనే తెలిసేది. మీ "ఒరిగేదేంటి" ప్రశ్నకి నా దగ్గరున్న సూటి జవాబు ఇదే.


ఏఈఓ_ఖమ్మం
అక్టోబరు 16, మధ్యాహ్నం 1:15

మేడమ్, మా దగ్గర పడిపోయిన రకం మీ దగ్గర నిలబడిందని రైతులు గొడవపడుతుంటారు. ఊరూరికీ బాక్టీరియా వేరుగా ఉంటుందా?


పైరగాలి
అక్టోబరు 16, మధ్యాహ్నం 1:33

ఊరూరికీ అని కాదు కానీ, తేడాలున్నాయి. మన దేశపు స్ట్రెయిన్లు వంద చదివితే ఐదు వంశాలుగా విడిపోయాయని 2017లో వచ్చింది. ఏ జిల్లాలో ఏ వంశం తిరుగుతోందో తెలిస్తే, ఏ జిల్లాకి ఏ జన్యువుల రకం ఇవ్వాలో ముందే అనుకోవచ్చు. ఆఫ్రికాలో స్ట్రెయిన్లకి టాల్ జన్యువులు తక్కువ, తొమ్మిది దాకా. ఆసియా వాటికి ఇరవై దాకా. 2019లో టాంజానియాలో తెగులు వస్తే, చదివి చూశాక అది ఆసియా వైపు లక్షణాలున్నదని తేలింది. మామూలు పరీక్షల్లో "అదే ఎండాకు తెగులు" అని రాసి మూసేసేవాళ్లు.


కోడ్_కూలీ
అక్టోబరు 16, సాయంత్రం 5:20

ఈ జీనోమ్‌లు చాలావరకు ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. నిన్న రాత్రి నిద్ర పట్టక ఫిలిప్పీన్స్ స్ట్రెయిన్ దింపి టాల్ జన్యువులు వెతికాను. 19 వచ్చాయి, పేపర్లో రాసిన లెక్కే. మామూలు లాప్‌టాప్, టీ చల్లారే లోపు. వరి గురించి ఏమీ తెలియని నేను బాక్టీరియా జేబు తడిమినట్టైంది.


సేంద్రియ_శీను
అక్టోబరు 16, సాయంత్రం 6:02

మరి ఎడిటింగ్ వరి (జన్యువుల్లో అక్షరాలు మార్చినది) అంటున్నారు, మొన్న సాంబ మసూరిని ఎడిట్ చేశారని వార్త. అదీ ఈ తెగులుకేనా? దాన్ని మాత్రం ఒప్పుకోను.


పైరగాలి
అక్టోబరు 16, సాయంత్రం 7:25

ఒప్పుకోకపోవడం మీ ఇష్టం, అది విధానం చర్చ. సమాచారం వరకు చెప్తాను. 2025 మే 4న ప్రకటించిన కమల, అంటే డీఆర్‌ఆర్ ధాన్ 100, సాంబ మసూరి మీద చేసిందే. కానీ అది గింజల సంఖ్య పెంచడానికి, ఈ తెగులుకి కాదు.

తెగులు కోసం చేసిన ఎడిటింగ్ వేరు. 63 స్ట్రెయిన్ల టాల్ జన్యువులు చూసి, అవి వాలే తాళాలన్నీ మూడు స్వీట్ జన్యువుల ముందే ఉన్నాయని గుర్తించి, ఆ మూడు చోట్లా అక్షరాలు మార్చారు, ఐఆర్ 64 అనే వరి రకంలో కూడా. 2019లో వచ్చింది. జన్యువు అలాగే ఉంటుంది, వరికి అవసరమైనప్పుడు పనిచేస్తుంది, దొంగ తాళంచెవి మాత్రం పట్టదు. ఎక్స్‌ఏ13లో ప్రకృతి చేసిన పనే, మూడు తలుపులకి.


విత్తనాల_వెంకీ
అక్టోబరు 16, రాత్రి 8:00

మేడమ్, హైబ్రిడ్ రకాల్లో ఈ ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 ఎందుకు తక్కువ కనపడతాయో చెప్పేస్తే నా కస్టమర్లకి ఈ లింకే పంపుతా.


పైరగాలి
అక్టోబరు 16, రాత్రి 8:12

ఆ రెండూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ ఉంటేనే పనిచేస్తాయి. హైబ్రిడ్‌కి తల్లి, తండ్రి వేర్వేరు వంశాలు, కాబట్టి ఇద్దరిలోనూ విడివిడిగా తేవాలి. రెట్టింపు పని. ఎక్స్‌ఏ21కి ఒక వైపు ఉన్నా చాలు.


డెల్టా_కుర్రాడు
అక్టోబరు 17, ఉదయం 11:30

అందరికీ థాంక్స్. రెండు రోజులుగా ఆఫీసు మీటింగులు మ్యూట్‌లో పెట్టి ఇదే చదువుతున్నా.

అప్‌డేట్: నీళ్లు తీసేశాం. మిగిలిన యూరియా బస్తా నాన్న అటక ఎక్కించారు. పై ఆకుల్లో చార ఆగినట్టుంది, మూడు రోజులుగా పొట్టాకు మీదకి రాలేదు. షాపాయన ఫోన్ చేసి "ఇంకో డోసు కొట్టండి" అన్నాడు, నాన్న "గ్లాసు తీసుకుని రా, చూపిస్తా" అన్నారు.

వెంకీ అన్నా, వచ్చే ఖరీఫ్‌కి ఇంప్రూవ్డ్ సాంబ విత్తనం రెండెకరాలకి కావాలి. మిగతాది మామూలు బీపీటీనే వేస్తారట నాన్న, పక్కపక్కన చూడాలని. పైరగాలి గారూ, మా బాక్టీరియా ఏ వంశమో తెలుసుకోవాలంటే ఆకులు ఎక్కడికైనా పంపొచ్చా?


పైరగాలి
అక్టోబరు 17, మధ్యాహ్నం 3:05

పంపొచ్చు. మీ దగ్గర్లోని వరి పరిశోధన స్థానం, లేదా వ్యవసాయ కాలేజీలో తెగుళ్ల విభాగం. ముందు ఫోన్ చేసి అడగండి, తీసుకుంటారో లేదో. సగం పచ్చగా ఉన్న ఆకులు పది, వేర్వేరు దుబ్బుల నుంచి. కాగితం మడతల్లో పెట్టి కాగితం కవర్లోనే వెయ్యండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకి కుళ్లి వేరే బాక్టీరియాలు చేరతాయి. కవర్ మీద ఊరు, రకం, నాట్ల తేదీ, తెగులు మొదట చూసిన తేదీ రాయండి. చీటీ ముఖ్యం. తారుమారైతే ఏమవుతుందో పైన చెప్పాను కదా :)


చేదునిజం
అక్టోబరు 17, సాయంత్రం 4:18

నాకు కూడా రెండెకరాలకి విత్తనం చెప్పండి వెంకీ గారూ. పక్కపక్కన వేసి చూస్తా. పడిపోతే ఇక్కడికే వస్తా.


డెల్టా_కుర్రాడు
అక్టోబరు 18, ఉదయం 7:10

నాన్న తెల్లవారుజామునే ఐదు గ్లాసులు సంచిలో వేసుకుని బోదె వెంట వెళ్లారు, పక్క రైతుల మడుల్లో ఆకులు కోసి చూడటానికి. ఇప్పుడే వచ్చారు. మూడింట్లో పాల దారం వచ్చింది. రెండింట్లో రాలేదు, ఆ రెండూ పొటాష్ లోపమేమో అంటున్నారు. ఏఈఓ అన్నా, ఫొటోలు పెడతాను, చూసి చెప్పండి. ఇంట్లో గ్లాసులు అయిపోయాయని అమ్మ స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది.